ఫలం ఎవరికోసం?

రోజూ పొద్దున్నే గీత పారాయణ చేస్తాను. అయినా వైరాగ్యమంటే ఏమిటని పిల్లలడిగితే నా నోట ముందుగా వచ్చేది దేవుణ్ణి నమ్మని ఒక శాసనసభ్యుడి పేరు: పుచ్చలపల్లి సుందరయ్య.

నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంటి బిడ్డ. పేరు చివర ఉన్న కులం మాటను తీసేశారు. వాటాకొచ్చిన ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్లాడాక, ఉద్యమానికి అడ్డు కాకూడదని ఇద్దరూ పిల్లలే వద్దనుకున్నారు. ఆస్తి వదిలినవాళ్లను చూశాం గానీ, సంతానాన్ని వదులుకోవడం మాటలా! పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. 1955, 1962, 1978లలో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు.

నన్ను వెంటాడే ప్రశ్న ఇది. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దంటుంది గీత. మరి కూలికి భూమి దక్కాలి, పొలానికి నీరందాలి అన్న పట్టుదల లేని సభ్యుడు ఎవరికి పనికొస్తాడు? సుందరయ్యకు ఆ ఆశ నిండా ఉంది. 1955లో పార్టీకి పదిహేను స్థానాలే వచ్చినా అది చల్లారలేదు. ఫలాన్ని ఎదుటివాడికోసం కోరుతూ తనకోసం కోరకుండా ఉండటమే అసలు పరీక్ష. అడవికి పోయిన సన్యాసికి ఈ పరీక్ష ఉండదు; ఓట్లు, పదవి, పలుకుబడి మధ్య రోజూ నిలబడేవాడికే ఉంటుంది.

ఎదుటివాడి అన్నం కోసం పడే ఆరాటాన్ని ఆసక్తి అని నేననలేను. గీత దాన్నే లోకసంగ్రహం, అంటే లోకహితం, అంది. నా లెక్కలో సుందరయ్య కర్మయోగి.