దేవదత్తుడు రాత్రి ఏం తిన్నాడు?

మీమాంసకులు ప్రమాణాలలో అర్థాపత్తిని వేరుగా లెక్కపెట్టారు. దానికి తరతరాలుగా చెబుతూ వస్తున్న ఉదాహరణ ఒకటే. దేవదత్తుడు బొద్దుగా ఉన్నాడు. పగలు ఏమీ తినడు. రెండూ నిజమే. ఈ రెండు నిజాలూ పొసగాలంటే అతను రాత్రిపూట తింటున్నాడని ఒప్పుకోక తప్పదు. తినగా ఎవరూ చూడలేదు, అయినా అది ఉత్త ఊహ కాదు. నైయాయికులు దీన్ని అనుమానం అనే ప్రమాణంలోనే కలిపేశారు, మీమాంసకుడైన కుమారిలుడి శిష్యులు కుదరదన్నారు. ఆ తగవు తేల్చడం నా పని కాదు గానీ, వలసపాలన మీద వచ్చిన ఆసియా నవలలు చదివేవాళ్లకు అర్థాపత్తి బాగా పనికొస్తుంది. లేని మనుషులతో, జరగని సంభాషణలతో నిండిన పుస్తకం గతం గురించి నిజం చెప్పగలదా, లేక అందంగా అబద్ధమాడుతుందా అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అక్కడే ఉంది.

ఇండొనేషియా రచయిత ప్రముద్య అనంత తూర్‌ని 1965 అక్టోబరులో సైన్యం పట్టుకుపోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు, చరిత్ర కాగితాలు నాశనమయ్యాయి. విచారణ లేకుండానే 1969 నుంచి పదేళ్లు బురు దీవిలో ఉంచారు. మొదట్లో రాసుకోవడానికి అనుమతి లేదు. అందుకని 1973లో తోటి ఖైదీలకు నోటితో కథ చెప్పడం మొదలుపెట్టాడు. రాసే వీలు చిక్కాక అదే నాలుగు నవలలైంది. మొదటిది ‘బూమి మనుసియా’ 1980లో అచ్చయింది, మరుసటి ఏడే సుహార్తో ప్రభుత్వం నిషేధించింది. నవల అబద్ధాల పుట్ట అయితే ప్రభుత్వాలకు అదంటే భయం ఎందుకో తెలియదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ మీద మద్రాసు ప్రభుత్వం కూడా ఇలాగే విరుచుకుపడింది.

‘బూమి మనుసియా’లో మింకే అనే కథానాయకుడికి తిర్తో అధి సూర్యో అనే పత్రికా సంపాదకుడు మూలం. నా వాదానికి మాత్రం మింకే కన్నా న్యాయి ఒంతోసోరో ముఖ్యం. ఆమె అసలు పేరు సానికెం. తండ్రి చక్కెర మిల్లులో గుమాస్తా, క్యాషియర్ ఉద్యోగం మీద ఆశపడి కూతుర్ని మిల్లు మేనేజరైన డచ్చివాడికి అమ్మేశాడు. పెళ్లి లేదు, ఉంచుకున్నాడు. ఆమె డచ్చి నేర్చుకుంది, పశువుల పెంపకం, జమాఖర్చులు చేతిలోకి తీసుకుంది, వ్యాపారమంతా తానే నడిపింది. ఆయన పోయాక హాలెండు కోర్టు తీర్పు వచ్చింది: ఆస్తి మీద ఆమెకు హక్కు లేదు, కన్నకూతురి మీదా లేదు. కూతుర్ని ఓడెక్కించి హాలెండుకు పంపేస్తారు. న్యాయి ఒంతోసోరో అనే మనిషి ఏ రికార్డులోనూ లేదు. రికార్డులో ఉన్నది వేరు. డచ్చి పాలనలోని ఇండొనేషియా దీవుల్లో ఎందరో తెల్లవాళ్ల ఇళ్లలో ఇలాంటి స్త్రీలుండేవారు, దేవదత్తుడి బొద్దుతనం లాగా ఇది కళ్లకు కనిపించే నిజం. తండ్రి బిడ్డను తన బిడ్డగా గుర్తిస్తే స్వదేశీ తల్లికి చట్టం ఏ హక్కూ మిగల్చలేదు, ఇది రెండో నిజం. ఇళ్లు నడిచాయి, పిల్లలు పెరిగారు, తల్లి మాత్రం చట్టం దృష్టిలో లేనే లేదు. ఈ రెండూ పొసగాలంటే ఆలోచించిన, లెక్కలు చూసిన, ఆగ్రహించిన స్త్రీలు ఉండి తీరాలి. ప్రముద్య ఆ ‘ఉండి తీరాలి’కి ఒక పేరూ నోరూ ఇచ్చాడు.

ఇక్కడ తార్కికుడు ఊరుకోడు. రాత్రి తిన్నాడని తేలింది సరే, ఏం తిన్నాడో తేలిందా అంటాడు. లేదు, తేలలేదు. అర్థాపత్తి తిన్నాడన్నంత వరకే తీసుకెళుతుంది, గోంగూర పచ్చడి వేసి వడ్డించేది నవలాకారుడు. న్యాయి తల్లిదండ్రుల్ని జన్మలో క్షమించకపోవడం, కోర్టులో ఎదురు నిలబడి మాట్లాడటం వడ్డన. వాటిని చరిత్రగా నమ్మమని నవల అడగకూడదు, మనం నమ్మకూడదు. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకోటి ఉంది. ఈ వెసులుబాటు ప్రముద్యకిస్తే తాతల పరువు పెంచడానికి కథలల్లే ప్రతివాడికీ ఇవ్వాలి కదా? ఓడిన రాజుని గెలిపించేవాడూ ఊహే చేస్తున్నాడు. నిజమే, కానీ వాడు చేసేది అర్థాపత్తి కాదు. అర్థాపత్తికి ఒకదానితో ఒకటి పొసగని రెండు నిజాలు ముందుండాలి. పురాణమల్లేవాడు ఇబ్బందిపెట్టే నిజాన్ని ముందే దాచేస్తాడు, దేవదత్తుడు బొద్దుగా లేడని అనేస్తాడు. ప్రముద్య దాచలేదు. నాలుగో నవల ‘రుమా కాచా’కి వచ్చేసరికి మింకే చేతిలోంచి కథ లాక్కుని, అతని మీద నిఘా పెట్టిన స్వదేశీ పోలీసు అధికారి పంగెమానన్ చేతికిచ్చాడు. ఫ్రాన్సులో చదువుకున్న మనిషి, తెల్లదొరలకు ఫైళ్లు తయారుచేస్తాడు, తను చేస్తున్నది నీచమని అతనికి తెలుసు. పాఠకుడు మూడు పుస్తకాలుగా ప్రేమించిన మనిషి ఇప్పుడు ఒక ఫైలు. నాలుగింటిలోనూ నాకు నచ్చినది ఇదే, ఎక్కువమంది చదవకుండా వదిలేసేదీ ఇదే.

ఇలాంటి ముగింపే ఎండో షూసాకు 1966లో రాసిన ‘చిన్మొకు’ (మౌనం) నవలకూ ఉంది. జపాన్ ఎవరికీ వలస కాలేదు. కానీ క్రైస్తవ మిషనరీల వెనకే స్పెయిన్, పోర్చుగల్ సైన్యాలు వస్తాయన్న అనుమానంతోనే అక్కడి పాలకులు ఆ మతాన్ని అణిచేశారు. 1643లో వచ్చిన ఇటలీ పాద్రీ జ్యుసెప్పె కియారా పట్టుబడి మతం విడిచాడు, ఒకామొతో సాన్‌ఎమొన్ అనే జపాను పేరుతో 1685లో చనిపోయేదాకా ఎదోలో కాపలాలో బతికాడు. ఎండో నవలలోని పాద్రీ రొద్రిగెస్‌కు ఈయనే మూలం. నవల చివరి పేజీలు పాద్రీ గొంతుతో లేవు, కాపలా ఉద్యోగుల దినచర్య రూపంలో ఉన్నాయి. పొడిగా, తేదీలతో సాగుతాయి. అందులో ఒక చిన్న సంగతి కనబడుతుంది. మతం వదిలేసి ఏళ్లు గడిచిన మనిషి చేత మళ్లీ మత నిరాకరణ పత్రం రాయిస్తారు. అతని సేవకుడి మెడలోని తాయెత్తులో క్రైస్తవ బొమ్మ దొరుకుతుంది. అతను మతం వదిలాడు, అయినా మళ్లీ రాయించారు. ఈ రెండూ పొసగాలంటే, అతను నిజంగా వదిలాడని వాళ్లకే నమ్మకం లేదని ఒప్పుకోవాలి. విశ్వాసం మిగిలిందో లేదో ఉద్యోగి రాయలేదు, ఎండో కూడా ఆ పేజీల్లో రాయలేదు.

అదే నవలలో మతం వదిలినట్టు చూపడానికి పాద్రీ క్రీస్తు బొమ్మ మీద కాలు పెట్టే క్షణంలో ఆ బొమ్మే మాట్లాడుతుంది. అది అర్థాపత్తికి అందేది కాదు. నమ్మినవాడికి అది దైవవాక్కు, నమ్మనివాడికి హింస పడుతున్న మనిషి మనసు. కాబట్టి ఆ చోట నవల ఏదో నిరూపించిందని నేననను. దేవుడి మౌనం మీద నవలకు ప్రమాణం లేదు, దస్తావేజుల మౌనం మీద ఉంది. మతం విడిచినవాడికి ఇంత సానుభూతి ఏమిటి, ప్రాణాలిచ్చినవాళ్లను కించపరచడం కాదా అని జపాన్ కేథలిక్కులు చాలామంది కోప్పడ్డారు. ఆ కోపాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. కానీ 1597లో నాగసాకిలో శిలువ వేసిన 26 మందిని చర్చి 1862లో పునీతులుగా ప్రకటించింది, వాళ్లను తలుచుకునేవాళ్లున్నారు. కాలు మోపినవాళ్లను తలుచుకునే గుడి లేదు. వాళ్ల గురించి రాసింది వాళ్లను లొంగదీసిన అధికారులే.

కల్పన చాలు, సాక్ష్యంతో పనేముందనుకునే మిత్రులకు ప్రముద్య చేసిన ఇంకో పని గుర్తుచేయాలి. నవలలతో ఊరుకోక 1985లో తిర్తో మీద ‘సాంగ్ పెములా’ అనే కల్పన లేని పుస్తకం ప్రచురించాడు, తిర్తో సొంత రచనలను అందులో చేర్చాడు. ఊహించినదేదో, కాగితం చెప్పినదేదో పక్కపక్కన పెట్టి చూసుకోమని పాఠకుడికి అప్పగించాడు. 2006 నవంబరులో ఇండొనేషియా ప్రభుత్వం తిర్తోను జాతీయ వీరుడిగా ప్రకటించింది. ప్రముద్య ఆ ఏడు ఏప్రిల్‌లోనే చనిపోయాడు. ఆ బిరుదు వల్ల మింకే మనసులో నడిచిందంతా నిజమైపోదు. అలాంటి మనిషి ఒకడున్నాడన్నది మాత్రం ఇప్పుడు ప్రభుత్వమూ కాదనలేదు.