పేతురు కత్తి



పవిత్ర శుక్రవారం నాడు గుడిలో ప్రభువు శ్రమల చరిత్రను యోహాను సువార్త నుండి చదువుతారు. ఏటా వింటున్న చరిత్రే గనుక ఒక సంగతి మన చెవిని దాటిపోతూ ఉంటుంది. ఆ వృత్తాంతంలో మొదట చిందిన రక్తం ప్రభువుది కాదు, ఒక నౌకరుది. ఆ రక్తం చిందించినవాడు యూదా కాదు, రోమను సైనికుడూ కాదు. శ్రీసభకు పునాదిరాయిగా ప్రభువు ఎన్నుకొన్న పేతురే.

దివిటీలు, ఆయుధాలు పట్టుకొని జనం తోటలోకి వచ్చారు. పేతురు కత్తి దూసి ప్రధానార్చకుని సేవకుడైన మాల్కుసు కుడిచెవి తెగనరికాడు (యోహాను 18:10). చూసినవారికి అది ఎంతో తెగువ అనిపిస్తుంది. కాని ఆ రాత్రి తెల్లవారకముందే అదే పేతురు, వాకిట కావలి ఉన్న ఒక పనిపిల్ల అడిగిన చిన్న ప్రశ్నకు తడబడిపోయాడు. తాను ప్రభువు శిష్యుణ్ణి కానే కాదన్నాడు. చేతిలో కత్తి ఉన్నంతసేపు పులి. చలిమంట దగ్గర ఒంటరిగా నిలబడగానే పిల్లి. ఇద్దరూ ఒక్క మనిషే.

ఈ రెండు సంఘటనలూ ఒకే అధ్యాయంలో, ఒకే రాత్రి జరిగినవి. కత్తి దూసిన చేతిలో ఉన్నది ధైర్యం కాదు, భయం. మనుష్యుని భయం చాలాసార్లు కోపం వేషం వేసుకొని బయటికి వస్తుంది.

అంతకుముందు భోజనం దగ్గర ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. ప్రభువు కోసం ప్రాణమైనా ఇస్తానని పేతురు తోటివారందరూ వింటుండగా అనేశాడు (యోహాను 13:37). అన్న మాట నిలబెట్టుకోవాలి. లేకపోతే నలుగురిలో తలవంపులు. లోపల భయం, పైన పరువు. ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నవాని చేతికి ఏది అందితే అది ఆయుధం అవుతుంది.

మన వీధిలో జరుగుతున్నది వేరా? పద్దెనిమిదేళ్లు, ఇరవయ్యేళ్లు ఉన్న కుర్రవాళ్లు. బండి తగిలిందని గొడవ. గుర్రుగా చూశాడని గొడవ. ఫ్లెక్సీ చింపారని, వాట్సాప్ స్టేటస్‌లో ఏదో పెట్టారని గొడవ. పుట్టినరోజు నాడు నడిరోడ్డు మీద పెద్ద కత్తితో కేకు కోసి, ఆ వీడియో అందరికీ పంపుకోవడం ఒక గొప్ప. నలుగురి ముందు ఒకసారి మీసం మెలేసినవాడు ఇక వెనక్కు తగ్గలేడు. ‘వస్తానన్నావుగా, రా’ అని అవతలివాడు అంటే వెళ్లాలి. ఇంటికి పోయి పడుకోవాలని మనసులో ఎంత ఉన్నా వెళ్లాలి. ఎదుటివాడికీ మనసులో అదే ఉంటుంది. ఇద్దరు భయస్తులు ఒకరి భయం ఒకరికి తెలియకుండా ఉండేందుకు కొట్టుకుంటారు. చివరికి ఒకడు ఆసుపత్రికి పోతాడు, ఒకడు జైలుకు పోతాడు. ఇద్దరి తల్లులూ ఏడుస్తారు.

కొట్టిన దెబ్బ అక్కడితో ఆగిపోదు. మంట దగ్గర పేతురును చివరిసారి నిలదీసినది ఎవరో చూడండి. మాల్కుసు బంధువు (యోహాను 18:26). చెవి తెగినవాని చుట్టమే తోటలో నిన్ను చూడలేదా అని అడిగాడు. తాను కొట్టిన దెబ్బే తిరిగి వచ్చి పేతురు ఎదుట నిలబడింది. కత్తి భయాన్ని తీసివేయదు, ఇంకా పెంచుతుంది. ఈ సంగతి పాతకక్షల ఊళ్లలో ఉన్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

బట్టలకు కాపలా ఉన్న యువకుడు

‘నేను ఎవర్నీ కొట్టలేదు ఫాదర్, స్నేహితులతో వెళ్లానంతే’ అని కొందరు యువకులు అంటారు. వారు అపోస్తలుల కార్యాలు ఏడవ అధ్యాయం చదవాలి. స్తెఫానును రాళ్లతో కొట్టి చంపిన రోజున సౌలు అనే యువకుడు ఒక్క రాయి విసిరినట్లు అక్కడ వ్రాయలేదు. రాళ్లు విసిరేవారి పైబట్టలు అతని పాదాల దగ్గర పెట్టారు, అంతే. కాని ఆ హత్యకు అతని సమ్మతి ఉన్నదని పరిశుద్ధ గ్రంథం చెబుతుంది (8:1). తర్వాత పౌలు అయ్యాక కూడా, ఆ రోజు తాను అక్కడ నిలబడి ఉన్న సంగతి దేవుని ముందు తానే ఒప్పుకొన్నాడు (22:20). నేను దూరంగా ఉన్నానని తప్పించుకోలేదు.

దేశ చట్టం కూడా ఈ మాటే అంటుంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 189, 190 సెక్షన్ల ప్రకారం, ఐదుగురు గాని అంతకు మించి గాని చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో గుమిగూడినప్పుడు, ఆ ఉమ్మడి ఉద్దేశం కోసం ఒకడు చేసిన నేరానికి గుంపులోని ప్రతివాడూ బాధ్యుడే. పాత శిక్షాస్మృతిలో 149వ సెక్షను ఇదే చెప్పేది. కర్ర పట్టుకొన్నవాడు, పట్టుకోనివాడు అన్న తేడా ఉండకపోవచ్చు. పేరు కేసులోకి ఎక్కిన తర్వాత ఉద్యోగానికి వెళ్లినా, పాస్‌పోర్టుకు వెళ్లినా ఆ కాగితం వెంట వస్తుంది. రౌడీషీటు తెరిస్తే ఊరిలో ఏ గొడవ జరిగినా పోలీసులు మొదట తట్టేది ఆ ఇంటి తలుపే.

కృష్ణా జిల్లా పెద్దలకు 1988 డిసెంబరు 26 జ్ఞాపకం ఉంటుంది. క్రీస్తు జయంతి మరునాడు, అంటే పునీత స్తెఫాను పండుగ రోజు. విజయవాడలో నిరాహారదీక్షలో ఉన్న ఒక శాసనసభ్యుణ్ణి హత్య చేశారు. ఆ వార్తతో కోస్తా జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి. దుకాణాలు తగులబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. దానికి ముందు ఆ నగరంలో విద్యార్థి సంఘాల పేర, కార్మిక సంఘాల పేర ఏళ్ల తరబడి ముఠా కక్షలు సాగాయి. కాలేజీకి పుస్తకాలతో వెళ్లిన కుర్రవాళ్లను ఆ కక్షలు మింగేశాయి. పేర్లు మారాయి, జెండాలు మారాయి. బిర్యానీ పొట్లం, మందు సీసా, బండికి పెట్రోలు ఇచ్చి కుర్రవాళ్లను వెంట తిప్పుకొనే ‘అన్న’లు మాత్రం నేటికీ ఉన్నారు. బెయిలు కోసం కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు ఆ అన్న కనబడడు. పుస్తెలు తాకట్టు పెట్టిన అమ్మే కనబడుతుంది.

చెంపదెబ్బకు ప్రభువు జవాబు

అయితే మనల్ని కొడితే పడి ఉండాలా? కులం పేరు చెప్పి అవమానిస్తే తలవంచుకొని పోవాలా? ఇది న్యాయమైన ప్రశ్న. మన విచారణల్లో ఎన్నో కుటుంబాల పెద్దలు ఆ అవమానాలు పడ్డవారే.

దీనికి జవాబు కూడా ఆ రాత్రిలోనే ఉంది. అన్నా ఎదుట నిలబడ్డ ప్రభువును ఒక బంట్రోతు చెంపమీద కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు. అలాగని నోరు మూసుకొని ఊరుకోనూ లేదు. తన మాటలో తప్పుంటే రుజువు చేయమన్నాడు, లేనప్పుడు కొట్టడం దేనికని నిలదీశాడు (యోహాను 18:23). చేతులు కట్టేసి ఉన్నాయి, చుట్టూ శత్రువులు. అయినా గొంతు వణకలేదు. ఆ రాత్రి ఆ ఆవరణలో నిజమైన మగతనం చూపినది కత్తి దూసిన పేతురు కాదు, చెంపదెబ్బ తిన్న ప్రభువు.

అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరును తలచుకోండి. సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు తగిలిందన్న చిన్న విషయం అగ్రకులాల అహంకారాన్ని రగిలించింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి చంపారు. మిగిలినవారు కత్తులు పట్టలేదు. చనిపోయినవారిని ఊరి నడుమనే పాతిపెట్టి, తమ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టాలని పట్టుబట్టి సాధించుకొన్నారు. 2007లో ఆ న్యాయస్థానం నిందితులలో కొందరికి శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. వారు కోరిన న్యాయం చేతికి అందకుండా పోయింది, నిజమే. ప్రభువుకు కూడా ఆ రాత్రి న్యాయం జరగలేదు. కాని ఎందుకు కొట్టావన్న ఆ ప్రశ్న నేటికీ నిలిచే ఉంది. ఆ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో, అడుగుతూ ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు నిలబడడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. కత్తి విసరడానికి ఒక్క క్షణం ఆవేశం చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట

‘తన్నించుకొని వచ్చావా? గాజులు తొడుక్కో’ అని కన్నకొడుకును ఎగతాళి చేసే తండ్రులున్నారు. ‘మావాడు ఎవడికీ భయపడడు’ అని పదిమందిలో మురిసిపోయే తల్లులున్నారు. తాగి వచ్చి భార్యను కొట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడు వీధిలో శాంతంగా ఉండాలంటే ఎలా ఉంటాడు? ఇంటి పాఠమే వీధిలో అప్పజెబుతాడు.

యొర్దాను నదిలో జ్ఞానస్నానం పొందిన వేళ తండ్రి స్వరం వినిపించింది. ఈయన తన ప్రియకుమారుడని, ఈయనయందు తాను ఆనందిస్తున్నానని ఆ స్వరం చెప్పింది (మత్తయి 3:17). అప్పటికి ప్రభువు ఇంకా బోధించలేదు, రోగులను స్వస్థపరచలేదు. ఏమీ నిరూపించకముందే తండ్రి ఆ మాట చెప్పాడు. మీ కొడుకుతో ఆ మాట మీరు ఎప్పుడు చెప్పారు? పరీక్ష తప్పినవానితో, పని దొరకక ఇంట్లో కూర్చున్నవానితో చెప్పారా? ఇంట్లో ఆ మాట వినని పిల్లవాడు దానికోసమే వీధిలోకి పోతాడు. అక్కడ ఎవడో భుజం మీద చెయ్యి వేసి ‘నువ్వు మనోడివిరా’ అంటాడు. ఆ ఒక్క మాటకు ప్రాణం ఇస్తాడు, ప్రాణం తీస్తాడు.

ప్రియ యువకులారా, గొడవ జరిగే చోటునుండి నడిచి వెళ్లిపోవడం పిరికితనం కాదు. నజరేతులో కొండ అంచునుండి తోసివేయబోయినప్పుడు ప్రభువు వారి నడుమనుండే నడిచి వెళ్లిపోయాడు (లూకా 4:30). ఆయన్ని పిరికివాడని ఎవరంటారు? ఇప్పటికే ఎవరినైనా కొట్టి ఉంటే, ఎవరిమీదనైనా పగ దాచుకొని ఉంటే, పాపసంకీర్తనానికి రండి. మీ గురువులనో, ఊరి పెద్దనో వెంటబెట్టుకొని అవతలి ఇంటికి వెళ్లండి. ఆ గడప తొక్కడానికి కావలసిన ధైర్యం ఏ కత్తికీ అక్కరలేదు.

పేతురు కథ ఆ చలిమంట దగ్గర ముగిసిపోలేదు. ఉత్థానుడైన ప్రభువు సరస్సు ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల నిప్పు సిద్ధం చేశాడు (యోహాను 21:9). కత్తి ఎందుకు దూశావని అడగలేదు, ఎందుకు పారిపోయావని అడగలేదు. తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, తన మందను అతని చేతికి అప్పగించాడు. ఆ తర్వాత పేతురు కత్తి పట్టిన దాఖలా లేదు. అధికారుల ఎదుట నిర్భయంగా నిలబడ్డాడు, చివరికి రోములో ప్రభువు కోసం ప్రాణమిచ్చాడు. భోజనం దగ్గర ఆడిన మాట అలా నెరవేరింది, కాని కత్తితో కాదు.

ప్రభువా, మా కుమారుల గుండెలలో ఉన్న భయం నీకు తెలుసు. వారు దానిని కోపంతో కప్పుకోకుండా నీ దగ్గరకు తెచ్చేలా చేయుము. మా ఇండ్లలో నీ తండ్రి స్వరం వినిపించనిమ్ము. దూసిన కత్తులు మళ్లీ ఒరలోకి చేరనిమ్ము. ఆమెన్.