పాత గోడల నడుమ కొత్త నివాసం

నగరంలోని పురాతన భవనానికి వెలుపలి రూపాన్ని యథాతథంగా ఉంచి, లోపలి ఒక వాటాను ఈనాటి అభిరుచికి తగిన ఫ్లాటుగా తీర్చిదిద్దినప్పుడు, అది పూర్వపు ఇల్లేనా, లేక దాని పేరు ధరించిన మరొక ఇల్లా అన్న సందేహం వాస్తుశిల్పులకే గాక తత్త్వచింతకులకూ సంబంధించినదే. హైదరాబాదులో పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం ప్రారంభించిన ఫలక్‌నుమా భవనం ఆరవ నిజాము పరమై, తరువాత చాలాకాలం మూతబడి, మరమ్మతుల అనంతరం 2010లో హోటలుగా తెరుచుకొన్నది. యజమానులూ, ప్రయోజనమూ, అందులో బసచేసేవారూ మారినా జనం దానిని ఫలక్‌నుమా అనే పిలుస్తున్నారు. ఆ పిలుపుకు ఆధారమేమిటి?

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపానికి మొక్కిన బౌద్ధుల సంప్రదాయంలో దీనికొక సమాధానం ఉంది. ఇరుసు, చక్రాలు, నొగ విడదీసి చూస్తే రథమనే వేరొక వస్తువు కనిపించదని నాగసేన భిక్షువు మిళింద రాజుకు బోధించాడు. ఆ లెక్కన ఇల్లనేది కూడా భాగాల కూడికకు పెట్టుకొన్న వాడుకపేరు మాత్రమే. ఈ సమాధానం నిశితమైనదే గాని, ఇంటిని బాగుచేయబోయేవారికి చాలదు, ఎందుకంటే ఏది తీసివేయదగినదో, ఏది ముట్టరానిదో అది చెప్పదు.

ఆ కొరతను తీర్చే సమాధానం జైనులది. చొప్పదండికి పొరుగున, గంగాధర మండలంలోని కురిక్యాల వద్ద బొమ్మలమ్మగుట్టపై, పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో తీర్థంకరుల శిల్పాలనూ, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల శాసనాన్నీ చెక్కించాడు. అతడు నమ్మిన జైన దర్శనం ప్రతి వస్తువులోనూ పుట్టుక, నాశం, స్థిరత్వం ఒకేసారి ఉంటాయని చెబుతుంది. ద్రవ్యం అంటే నిలిచి ఉండే వస్తువు. గుణం అంటే దానిని విడువని స్వభావం. పర్యాయం అంటే ఎప్పటికప్పుడు మారిపోయే స్థితి. ఇంటి విషయంలో ఈ విభజన ఎంతగానో అక్కరకు వస్తుంది.

పాత భవంతుల గోడలను చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో నూరి, బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం చేర్చి సిద్ధంచేసిన డంగుసున్నం వానకాలపు తేమను పీల్చుకొని, ఎండ కాయగానే బయటికి వదలుతుంది. అటువంటి గోడకు నున్నగా, అందంగా ఉంటుందని సిమెంటు పూత పూస్తే, తేమ బయటికి పోయే దారిలేక లోపలే నిలిచి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. రంగులు, దీపాలు, వంటగది అమరిక పర్యాయాలు కనుక వాటిని ఎంత సొగసుగా మార్చినా దోషం లేదు. తేమను వదిలే శక్తి మాత్రం ఆ గోడ గుణం. ముందరి గోడను మాత్రం నిలిపి వెనుకనున్నదంతా కూల్చి కాంక్రీటు పోసిన కట్టడంలో ఆ గుణం మిగలదు, కనుక దానిని పాత ఇల్లనడం సరికాదు.

పాత భవనంలో వాటా తీసుకొని అలంకరించుకోదలచినవారు ముందుగా సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలిపించి గోడలు చూపించాలి. రంగుల ఎంపిక ఆ తరువాతనే.