ఈ యేటికి ఉండనివ్వండి



తపస్సుకాలమూ వసంతకాలమూ మన ప్రాంతంలో ఇంచుమించు ఒక్కసారే వస్తాయి. విభూది బుధవారంనాడు నొసట బూడిద పెట్టించుకొని ఇంటిదారి పట్టేసరికి మామిడిచెట్లు పూతమీద ఉంటాయి. మరికొన్నాళ్ళకు వేపలు పూస్తాయి. తిరుచానూరులో పూలబుట్టలకు ఏ కాలంలోనూ కొదువ లేదు గాని, మల్లెలు దిగే ఈ రోజుల్లో వీధి వీధంతా వాసనే. మల్లె, కనకాంబరం, మరువం కలిపి కట్టిన కదంబాన్ని మూరల లెక్కన కొలిచి ఇస్తారు. మూర పూలు కొనడం నిమిషం పని. ఒక పూలమొక్కను పెంచడం మాత్రం ఇంటిల్లిపాది పని. ఈ వారం ఆ పనిని గురించే మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉన్నది.

"మాకు పెరడెక్కడిది స్వామీ?" అని మీరు అడగవచ్చు. నిజమే. తిరుపతిని ఆనుకొని ఉన్న ఈ ఊళ్ళో ఇళ్ళు పెరిగాయి, పెరళ్ళు తగ్గాయి. అయినా మిద్దెమీద ఒక పాత బకెట్టు చాలదా? అడుగున రెండు చిల్లులు పొడిచి, మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. ఎండ తగ్గిన తర్వాత, సాయంత్రం పూట బంతినారు నాటండి. నెల వయసున్న నారు నాటితే నలభై, యాభై రోజులకు పూత మొదలవుతుంది. తపస్సుకాలం ఆరంభంలో నాటిన మొక్క పాస్కా పండుగ ప్రాంతానికి పూస్తుందన్న మాట. నీళ్ళకు కటకట అయితే బియ్యం కడిగిన నీళ్ళు పోయండి. మొదట్లో వేరుశెనగ పొట్టు పరిస్తే తడి ఆరిపోదు. బిడ్డలకు నీళ్ళు పోసే పని అప్పగించండి. అవ్వకు మొగ్గలు లెక్కపెట్టే పని అప్పగించండి. పదిమందికీ పని ఉన్న ఇంట్లో పదిమందికీ మాటలుంటాయి.

పవిత్రగ్రంథం మొదటి పుటలు తిరగవేయండి. దేవుడు ఏదెనులో తోట వేశాడనీ, దానిని సాగుచేసి కాపాడమని మనిషిని అందులో ఉంచాడనీ ఆదికాండము రెండవ అధ్యాయం చెబుతున్నది. మనిషికి దేవుడు ఒప్పగించిన మొదటి ఉద్యోగం తోటపని. మన ఇల్లు కూడా ఆయన ఒప్పగించిన తోటే.

అయితే తోటపనిలో మొదట నేర్చుకోవలసినది నాటడం కాదు, కత్తిరించడం. మల్లెను పెంచే రైతు నడిగి చూడండి. మల్లె కొత్త చిగుళ్ళమీదనే పూస్తుంది. చలికాలంలో కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, పాత కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత పాదు తవ్వి ఎరువు వేసి నీళ్ళు పెడితే వేసవిలో మొగ్గ తొడుగుతుంది. కత్తిరించని పొద గుబురుగా పెరుగుతుంది గాని పూలు పలచబడతాయి. అలాగని కోపంతో మొదలంటా పెరికితే మిగిలేది గుంట మాత్రమే. కొమ్మను కత్తిరించడం వేరు, వేరును పెరకడం వేరు. కుటుంబాల్లో ఎన్నో కన్నీళ్ళు ఈ రెంటికీ తేడా తెలియక కారుతున్నవే.

ఒక ఇంటిని తలచుకుందాం. అది మీకూ తెలిసిన ఇల్లే కావచ్చు. చదువు మధ్యలో మానేశాడని తండ్రి ఒకనాడు కొడుకును నలుగురిలో ఒక మాట అన్నాడు. "నువ్వు నా బిడ్డవే కాదు" అన్న మాట. అది కత్తిరింపు కాదు, పెరికివేత. కొడుకు మదరాసులో ఏదో అంగట్లో పనికి కుదిరాడు. పండుగకు వస్తాడు, తింటాడు, వెళ్ళిపోతాడు. ఇద్దరూ ఒకే పంచలో కూర్చుంటారు గాని మాటలన్నీ తల్లి ద్వారానే. "అన్నం పెట్టమని చెప్పు వాడికి." "తిన్నానని చెప్పు ఆయనకి." ఒకరి పేరు ఒకరి నోట రాదు. గోడవారన మల్లె పొద కూడా పూయడం మానేసింది. చేసేవారు లేక!

ఇటువంటి ఇంటికోసమే క్రీస్తు ప్రభువు ఒక ఉపమానం చెప్పారేమో అనిపిస్తుంది. లూకా సువిశేషం పదమూడవ అధ్యాయంలో ఉన్నది. యజమాని మూడేళ్ళుగా అత్తిచెట్టులో కాయలకోసం చూశాడు. ఒక్కటీ లేదు. నరికివేయమన్నాడు. తోటమాలి అడ్డుపడి, ఒక్క యేడు గడువు అడిగాడు. ఊరకే గడువు అడగలేదు సుమా! చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని పని తన మీద వేసుకున్నాడు. ఆ తరువాత చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ ముగింపు మన ఇళ్ళలో మనం రాయవలసినది గనుకనే ఆయన చెప్పలేదేమో!

ఇక్కడ ఒక హెచ్చరిక. ఓర్పు అంటే దెబ్బలు తింటూ కూర్చోవడం కాదు. తాగివచ్చి చెయ్యి చేసుకొనే భర్తను భరించమని ఈ ఉపమానం చెప్పడం లేదు. పురుగు పట్టిన కొమ్మను దాచిపెట్టే తోటమాలి మంచి తోటమాలి కాడు. అటువంటి కష్టమున్న తల్లులు నోరు విప్పి పెద్దలతో, విచారణ గురువులతో చెప్పుకోండి, అవసరమైతే చట్టం సాయం తీసుకోండి. చుట్టూ తవ్వడమంటే అదీ ఒకటే.

మరొక సంగతి. కనకాంబరానికి వాసన లేదు. కాని మల్లె రేపటికి వాడిపోతే, కనకాంబరం ఇంకా రంగు తగ్గకుండా నిలుస్తుంది. కదంబంలో రెండూ కావాలి. పెద్దవాడి మార్కులు చూపించి చిన్నవాణ్ణి సాధించే తల్లిదండ్రులారా, కనకాంబరాన్ని పట్టుకొని "నీకు మల్లె వాసన ఎందుకు లేదు?" అని కొడుతున్నామా అని ఒక్కసారి ఆలోచించుకోండి.

మనం చిన్నపుష్పమని పిలుచుకొనే పునీత చిన్న తెరేజమ్మ జీవితంలో ఒక తోట ఉన్నది. ఆమె నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే, 1877లో, తల్లి జెలీ కన్నుమూసింది. తండ్రి లూయీ మార్టిన్ ఐదుగురు ఆడబిడ్డలను పెంచుకొచ్చాడు. అప్పటికే ఇద్దరు బిడ్డలు కార్మెలు మఠానికి వెళ్ళిపోయారు. 1887లో పెంతెకోస్తు పండుగనాడు పద్నాలుగేళ్ళ తెరేజ, ఫ్రాన్సులోని లిసియు పట్టణంలో తమ ఇంటి తోటలో తండ్రి పక్కన కూర్చొని, తానూ మఠంలో చేరతానని కన్నీళ్ళతో అడిగింది. ఆయన కళ్ళూ చెమర్చాయి. కాని కాదనలేదు. గోడమీద పూసిన ఒక చిన్న తెల్లని పువ్వును తీసి ఆమె చేతిలో పెట్టాడు. తుంచలేదు, వేళ్ళతో సహా తీశాడు. మరొక నేలలో బ్రతకవలసిన మొక్క గనుక వేళ్ళతోనే తనను పంపుతున్నారని తెరేజమ్మ అర్థం చేసుకొని, దానిని దాచుకొన్నది. ఆ లూయీ, జెలీ దంపతులను 2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్ వారు ఒకేసారి పునీతులుగా ప్రకటించారు.

మన బిడ్డలూ బెంగుళూరుకో, గల్ఫుకో, అత్తవారింటికో వెళ్ళక తప్పదు. మాటతో తుంచి పంపుతున్నామా, వేళ్ళతో పంపుతున్నామా? దూరాన ఉన్నా ఇల్లు తలపుకు వస్తే మనసు చల్లబడాలి. అదే వేరు.

పునరుత్థాన ఉదయాన మగ్దలా మరియమ్మ ప్రభువును చూచి తోటమాలి అనుకొన్నదని యోహాను సువిశేషం చెబుతున్నది. ఆమె పొరపాటులోనూ నిజమున్నది. ఎండిపోయినదనుకొన్న దానిని చిగిరింపజేసే తోటమాలి ఆయనే గదా! ఆమె ఆయనను ఎప్పుడు గుర్తించింది? ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచినప్పుడు.

కనుక ఈ వారం రెండు పనులు చేయండి. మీ ఇంట ఒక్క మొక్క నాటండి, లేదా ఎండుతున్న పాత మొక్కకు పాదు తవ్వండి. అది ఇంటిల్లిపాదీ కలిసి చేయండి. రెండవది, ఆ సాయంత్రం జపమాల చెప్పుకొన్న తరువాత, మీరు మాట్లాడడం మానేసిన ఆ ఒక్కరిని పేరు పెట్టి పిలవండి. దూరాన ఉంటే ఫోను చేయండి. పెద్ద మాటలు అక్కరలేదు. "మన మల్లెకు పాదు చేశాను నాయనా, పండుగకు వచ్చి చూడు" అంటే చాలు. జవాబు వెంటనే రాకపోవచ్చు. మొగ్గ కూడా నీళ్ళు పోసిన మరునాడే రాదు. మీ వంతు తవ్వడం, పోయడం. పెంచేవాడు దేవుడు.

ఆ దివ్య తోటమాలి మీ ఇళ్ళను, మీ వాకిళ్ళను, దూరాన ఉన్న మీ బిడ్డలను దీవించునుగాక. ఆమెన్.