తెరిపి రాకముందే

ధ్యాన భాగం: అపొస్తలుల కార్యములు 27:13 నుండి 28:3 వరకు

నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. సియాటిల్‌లో ఉన్న మనవాళ్లకు చలికాలం ఆ రోజే మొదలైనట్టు. ముందురోజు ఆరింటికి కాస్త ముందు కుంకిన పొద్దు ఆ సాయంత్రం ఐదైనా కాకుండానే కుంకుతుంది. డిసెంబరు మూడో వారానికల్లా ఉదయం ఎనిమిది కావస్తేగానీ తెల్లారదు, సాయంత్రం నాలుగూ ఇరవైకే అస్తమయం. ఆ మధ్య ఎనిమిదిన్నర గంటలైనా ఎండ ఉంటుందా అంటే, మబ్బు. వాన కురిపించి వెళ్లిపోయే నల్లమబ్బు కాదు, ఈ కొసనుంచి ఆ కొసదాకా పరుచుకున్న బూడిదరంగు మబ్బు. నేలమీద నీడ పడదు. పదకొండు గంటలకూ మూడు గంటలకూ వెలుతురులో తేడా తెలియదు. ఆ కాలానికి అక్కడివాళ్లు ‘బిగ్ డార్క్’ అని పేరు పెట్టుకున్నారు. కాసేపు మబ్బు విడి ఎండ తొంగిచూస్తే దానికో పేరు, ‘సన్‌బ్రేక్’. వాతావరణ సూచనల్లో దాన్ని ప్రత్యేకంగా చెబుతారు. 14,410 అడుగుల రెయినియర్ పర్వతం వారాల తరబడి కనిపించదు. కనిపించిన రోజున, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా లిఫ్టులో ‘ఇవాళ కొండ బయటికొచ్చింది’ అని పలకరించుకుంటారు.

జూలైలో ఉద్యోగానికి వచ్చి దిగినవాళ్లకు ఇదేమీ తెలియదు. రాత్రి తొమ్మిదైనా ఆరని పొద్దు, నీలి సరస్సులు, చల్లటి గాలి చూసి ఇంతకంటే మంచి ఊరు లేదనుకుని ఇల్లు కొనేస్తారు. అక్టోబరులో అర్థమవుతుంది.

నిజానికి అక్కడ వాన ఎక్కువేమీ కాదు. ఏడాదికి సుమారు 38 అంగుళాలు. న్యూయార్క్‌లో అంతకంటే ఎక్కువ పడుతుంది, మన విశాఖపట్నమూ తీసిపోదు. పసిఫిక్ సముద్రం మీది తడిగాలి అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక విడత వెనక ఒక విడతగా వస్తూనే ఉంటుంది. తూర్పున కాస్కేడ్ కొండలు అడ్డం నిలుస్తాయి. మబ్బు ఊరిమీద కూర్చుండిపోతుంది. చినుకు, తుంపర, మళ్లీ చినుకు. గొడుగు వేసుకున్నవాణ్ణి చూసి కొత్తగా వచ్చాడని పోల్చుకుంటారు. పాతవాళ్లు కోటు టోపీ నెత్తిమీదికి లాక్కుని నడిచిపోతారు. మన దగ్గర వాయుగుండం పట్టినా మూడు రోజుల ముసురే, నాలుగోనాడు ఎండ కాస్తుందని భరోసా ఉంటుంది. మూడు రోజులు పకోడీలు వేసుకుని గడిపేస్తాం. ఐదు నెలల ముసురును పకోడీలతో గడపలేం.

బైబిల్ ఎండకు ఎండిన నేలమీది ప్రజల గ్రంథం. అందులో మబ్బు చాలాచోట్ల దీవెనే. అరణ్యంలో పగటివేళ నడిపించింది మేఘస్తంభం. కర్మెలు కొండమీద ఏలీయా సేవకుడు ఏడోసారి వెళ్లి చూసివచ్చింది చిన్న మేఘాన్ని. అనంతపురం నుంచి వచ్చిన విశ్వాసికి ఆ వాక్యాలు ఇట్టే తలకెక్కుతాయి. మరి, మబ్బు ఎప్పుడు పోతుందా అని కూర్చున్నవాడికి ఏ వాక్యం ఉంది? నాకు లూకా దగ్గర దొరికింది.

పౌలును ఖైదీగా రోమాకు తీసుకువెళ్తున్నారు. ఉపవాసదినం కూడా గడిచిపోయింది, అంటే ఓడ ప్రయాణాలు ఆపుకోవలసిన కాలం. క్రేతు దీవిలోని మంచిరేవులలో ఉన్నప్పుడే పౌలు హెచ్చరించాడు. చలికాలం గడపడానికి ఆ రేవు అనుకూలం కాదని, ఫీనిక్సుకు చేరుకుందామని మిగిలినవాళ్లు బయలుదేరదీశారు. ఊరకులోను అనే పెనుగాలి ఓడను పట్టుకుంది. ఇక పగలు పొద్దు లేదు, రాత్రి చుక్క లేదు. ఇలా చాలా రోజులు గడిచి, బతికి బయటపడతామన్న ఆశ కూడా పోయిందని 27:20లో లూకా చెబుతున్నాడు. దిక్సూచి లేని కాలం అది. నడిసముద్రంలో దారి చెప్పేవి పొద్దూ చుక్కలూ మాత్రమే. అవి కనబడకపోతే వెలుతురు తగ్గడమొక్కటే కాదు, తామెక్కడున్నారో తెలియదు, ఎటు కొట్టుకుపోతున్నారో తెలియదు.

బోతెల్‌లోనో, రెడ్‌మండ్‌లోనో, సమ్మామిష్‌లోనో ఉన్న మన ఇళ్లలో జనవరి నెలాఖరున వినిపించే మాట దీనికి దూరం కాదు. హెచ్‌ 4 వీసా మీద వచ్చి, భర్త ఆఫీసుకూ పిల్లలు బడికీ వెళ్లాక కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి ఉంటుంది. మనవడు పుట్టాడని భీమవరం నుంచి ఆరు నెలలకు వచ్చిన అత్తగారు ఉంటారు. కారు నడపడం రాదు, కాళ్లతో నడుద్దామంటే తడి, చీకటి. గుమ్మం దాటాలన్నా కొడుకు సెలవురోజు కోసం చూడాలి. చీకటితో వెళ్లి చీకటితో వచ్చే కుర్రవాడు, వారంలో తను సూర్యుణ్ణి చూశాడో లేదో కూడా గుర్తులేనివాడు ఉంటాడు. ‘ఏమైంది?’ అని ఇంటినుంచి ఫోనులో అడిగితే ముగ్గురూ చెప్పేది ఒకటే: ‘ఏం లేదు, బాగానే ఉన్నాను.’

లూకా అలా అనలేదు. ఆ ఓడలో తానూ ఉన్నాడు, వైద్యుడు కూడా. ఆశ పోయిందన్న సంగతి దాచకుండా రాశాడు. మన ప్రార్థన కూడికల్లో మాత్రం ఎవరైనా మనసు బాగుండటం లేదంటే, ప్రార్థన తగ్గిందేమో చూసుకోమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. నాకది విశ్వాసంలా అనిపించదు, తొందరపాటులా అనిపిస్తుంది. ఉదయపు వెలుతురు చాలకపోతే ఒంట్లోని గడియారం తప్పుతుంది. నిద్ర, ఆకలి, ఉత్సాహం అన్నీ దానితోపాటే కదిలిపోతాయి. 1984లో నార్మన్ రోసెంతాల్, ఆయన తోటి వైద్యులు ఈ స్థితిని వివరించి సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు. దీనికోసం వాడే 10,000 లక్సుల దీపం ముందు ఉదయంపూట అరగంట కూర్చోమని డాక్టర్లు చెబుతుంటారు. మన ఒంటి రంగుకు విటమిన్ డి తయారవడానికి ఎండ ఎక్కువే కావాలి, 47 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో చలికాలపు ఎండ అందుకు చాలదు. రక్తపరీక్ష చేయించుకోవలసిన విషయమే. బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకున్న ఏలీయాను దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. దేవుడు అతణ్ణి ప్రశ్న అడిగింది ఆ తరువాత, హోరేబు చేరాక.

పౌలు దగ్గరికి కూడా దూత రాత్రివేళే వచ్చాడు. ఏం చెప్పాడో చూడండి. ఒక్క ప్రాణం కూడా పోదు. ఓడ మాత్రం పోతుంది. ఆకాశం ఎప్పుడు తేటపడుతుందన్న సంగతి ఆ మాటల్లో లేదు.

పద్నాలుగో రాత్రి వచ్చింది. లోతు చూస్తే ఇరవై బారలు, కొంచెం ముందుకు పోతే పదిహేను. బండలకు కొట్టుకుంటామని భయపడి వెనకవైపు నాలుగు లంగరులు దించి, ఎప్పుడు తెల్లారుతుందా అని కూర్చున్నారు. ఇంకా తెల్లారలేదు. ఆ చీకట్లో పౌలు లేచి, ఇన్నాళ్లూ తినలేదు, ఇప్పుడైనా తినండని అందరినీ బతిమాలాడు. రొట్టె పట్టుకుని అందరిముందూ దేవునికి కృతజ్ఞత చెప్పాడు. విరిచి, ముందు తాను తిన్నాడు. ఓడలో ఉన్నది 276 మంది: సైనికులు, నావికులు, తోటి ఖైదీలు. ఎక్కువమందికి ఆ దేవుడెవరో తెలియదు. అయినా ఆయన తినడం చూసి ధైర్యం తెచ్చుకుని వాళ్లూ తిన్నారు.

తెల్లారాక ఓడ పగిలింది, అందరూ ఒడ్డు చేరారు, దూత చెప్పినట్టే. ఈ రెండు అధ్యాయాలు చదివినప్పుడల్లా నేను ఒక్క మాట కోసం వెతుకుతాను: మబ్బు విడి సూర్యుడు కనిపించాడన్న మాట. లూకా ఎక్కడా రాయలేదు. పైపెచ్చు 28:2లో, మెలితే ఒడ్డున కూడా వాన కురుస్తూనే ఉంది, చలిగానే ఉంది. విడుదల వచ్చింది, తెరిపి రాలేదు.

మన ప్రార్థనల్లో చాలాభాగం తెరిపి కోసమే. ప్రాజెక్టు గట్టెక్కాక, గ్రీన్‌కార్డు వచ్చాక, వేసవి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం అంటాం. గ్రీన్‌కార్డు వరుస మనవాళ్లకు దశాబ్దాల సంగతి, ఆ లెక్కన కృతజ్ఞత కూడా అంత దూరం పోతుంది. పౌలు వాయిదా వేయలేదు. ఓడ ఇంకా నీటిమీదే ఉంది, అది మునుగుతుందని ఆయనకు తెలుసు, ఆకాశం నిన్నటిలాగే ఉంది. అప్పుడే రొట్టె పట్టుకున్నాడు.

ఈ మబ్బు మంచికే అని ఓదార్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. చలికాలంలో కాస్కేడ్ కొండలమీద పేరుకున్న మంచు కరిగితేనే వేసవిలో సీడర్, టోల్ట్ నదులనుంచి నగరానికి తాగునీరు, స్కాగిట్ నది ఆనకట్టలనుంచి కరెంటు. జూలై, ఆగస్టుల్లో అక్కడ చినుకే అరుదు. 2015లో చలికాలం వెచ్చగా గడిచి కొండలమీద మంచు నిలవక, వాషింగ్టన్ రాష్ట్రమంతటా కరువు ప్రకటించారు. ఇదంతా నిజం. కానీ జనవరి సాయంత్రం చీకట్లో కూర్చుని ఏడుస్తున్న మనిషికి ఆనకట్టల సంగతి చెప్పకండి. పెనుగాలి వల్ల లాభమేమిటో పౌలు కూడా ఎవరికీ వివరించలేదు. తినమన్నాడు, తానూ తిన్నాడు.

ఒడ్డు చేరాక జరిగింది ఇంకా బాగుంటుంది. మెలితే వాసులు గ్రీకు మాట్లాడనివాళ్లు, నాగరికత లేనివాళ్లని పేరుబడ్డవాళ్లు. తడిసి వణుకుతూ వచ్చిన 276 మందిని చూసి మంట వేసి అందరినీ చేర్చుకున్నారు. పౌలు ఊరికే కూర్చుని చలి కాచుకోలేదు, వెళ్లి పుల్లలు ఏరి తెచ్చి మంటలో వేశాడు. ఆ వేడికి పాము బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టిన సంగతి మీకు తెలిసిందే. అయితే పాము గురించి ప్రసంగాలు విన్నన్నిసార్లు ఆ పుల్లల గురించి వినలేదు. ఖైదీ, ముసలివాడవుతున్నవాడు, రెండు వారాలు నిద్రాహారాలు లేనివాడు, వానలో పుల్లలు ఏరాడు. తనకు వెచ్చదనం ఇచ్చిన మంటకు తనవంతు కలిపాడు.

ప్రార్థన: ప్రభువా, ఆకాశం తేటపడాలని అడగడం మానం. అది జరగకముందు కూడా మా బల్లమీది అన్నానికి మీకు స్తోత్రం చెప్పే మనసు ఇవ్వండి. బాగాలేమని చెప్పుకునే ధైర్యం ఇవ్వండి. వైద్యం అవసరమైనవారికి సిగ్గు తొలగించండి. ఆమేన్.

ఈ వారం మీ కూడికలో కనిపించడం మానేసిన ఒక్కరికి ఫోన్ చేయండి. ‘బాగానే ఉన్నాను’ అంటే వెంటనే పెట్టేయకండి, ఏం తిన్నారని అడగండి. శనివారం మీ ఇంటికి భోజనానికి పిలవండి. వానలో, చీకట్లో కారు నడపలేని పెద్దవాళ్లయితే మీరే వెళ్లి తీసుకురండి, మళ్లీ దిగబెట్టండి.