ఉపయోగము తీరిన పిదప

ఒక ప్రాణివలన మనము పొందు మేలు ఆగిపోయిననాడు దానియెడ మనకు గల బాధ్యతయు ఆగిపోవునా? గృహస్థునకు విహితములైన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. తాను భుజించుటకు ముందు ఇతర ప్రాణులకు కొంత అన్నము పెట్టుట దాని రూపము. వాటివలన తనకేమి లాభమని గృహస్థుడు అచట లెక్క చూచుకొనడు. కనుక శాస్త్రదృష్టిలో సమాధానము స్పష్టమే. అయితే ఉపకారము చేసిన ప్రాణి కంటికి కనబడక దూరదేశమున నున్నపుడు ఆ ఋణము ఎవరిదగును?

కెనడాలోని మానిటోబా మొదలగు ప్రాంతముల ఆడుగుఱ్ఱముల వృత్తాంతము ఈ చిక్కును చక్కగా చూపును. ముట్లుడిగిన స్త్రీల బాధలను తగ్గించుటకై 1942లో అమెరికాలో ‘ప్రెమరిన్’ అను ఔషధము వాడుకలోనికి వచ్చెను. చూడితో నున్న ఆడుగుఱ్ఱపు మూత్రమునుండి తీసిన పదార్థములతో దానిని చేయుదురు. ఆ అర్థమిచ్చు ఆంగ్లపదముల ముక్కలను కూర్చియే ఆ పేరు పెట్టిరి. సేవించినవారిలో ఆ పేరును విప్పి చూచినవారు బహుకొద్దిమందియై యుందురు. వారిని తప్పుపట్టుటకు గాదు ఈ మాట. మందుబిళ్ళను మ్రింగునపుడు దాని పుట్టుక నడుగువారు మనలో మాత్రము ఎందఱు?

గుఱ్ఱము రమారమి 11 మాసములు చూలు మోయును. అందులో ఇంచుమించు ఆఱు మాసములు, చలికాలమంతయు, అది ఇఱుకైన కొట్టములో, మూత్రమును పట్టు సంచితో, కట్టివేయబడి నిలువవలసి యుండెను. ఈనిన పిదప మరల చూడి కట్టించెడివారు. ఆ వ్యాపారమునకు కావలసినది మూత్రముగాని పిల్ల కాదు. కావున ఏటేట పుట్టిన పిల్లలలో కొన్ని స్వారికి పోయినను, పెక్కు వేలములద్వారా మాంసపు వర్తకులకు చేరెడివి. 2002 జూలైలో, ఈ హార్మోనులను మరియొక హార్మోనుతో కలిపి వాడిన స్త్రీలకు రొమ్ము క్యాన్సరు, పక్షవాతము మొదలగు ప్రమాదములు హెచ్చుచున్నవని అమెరికాలో ఒక పెద్ద పరిశోధన వెల్లడించెను. మందు అమ్మకము పడిపోయెను. 2003లో పెక్కు కొట్టములు మూతపడెను. వేలకొలది తల్లులును పిల్లలును ఒక్కమాఱుగా ఎవరికిని అక్కఱలేనివయ్యెను. (మందు నేటికిని కలదు; కొట్టములును కొన్ని మిగిలియున్నవి.) అప్పుడు కొందఱు సామాన్య కుటుంబీకులును, చిన్న చిన్న సంఘములవారును చేతనైనన్నిటిని తోలుకొనిపోయిరి.

భారతమున ద్రోణపర్వములో ఒక ఘట్టము కలదు. సూర్యాస్తమయమునకు ముందే సైంధవుని వధింపవలెను. లేనిచో అర్జునుడు అగ్నిప్రవేశము చేయవలెను. అట్టి తొందరలో, యుద్ధభూమి నడుమ, గుఱ్ఱములు డస్సినవని రథమునుండి విప్పిరి. అర్జునుడు బాణముతో నేలను చీల్చి జలాశయమును కల్పించెను. శ్రీకృష్ణుడు స్వహస్తములతో వాటి మేనినుండి బాణములను ఊడదీసి, ఒడలు నిమిరి, నీరు త్రావించెను. అయితే ఒక ఆక్షేపణ: ఆ గుఱ్ఱములను మరల రథమునకు కట్టవలసియే యున్నది గదా! నిజమే. అందుచేత ఆ ఘట్టమొక్కటియే చాలదు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన కుక్కను దాని ప్రక్కన నుంచవలెను. దానివలన ఆయనకు ఒరిగినది లేదు. దానిని విడిచినగాని స్వర్గము లేదనిరి, ఆయన విడువలేదు.

కాని జాలి కలిగినంతమాత్రమున అది సేవ కానేరదు. దీర్ఘకాలము పస్తులుండి ఎముకలు తేలిన గుఱ్ఱము ఎదుట దయగలవాడు మొట్టమొదట చేయబోవు పని గంపెడు దాణా పోయుట. అది దానిని చంపవచ్చును. ఆకలికి అలవడిన దేహములోనికి పిండిపదార్థము ఒక్కసారిగా చేరినపుడు రక్తములోని భాస్వరము, మెగ్నీషియము మొదలగునవి కణములలోనికి పోవును. రక్తమున వాటి మట్టము పడిపోయి, గుండె దెబ్బతిని, కొన్ని దినములలో ప్రాణము పోవును. కనుక తెలిసినవారు దాణా మాని, లూసర్న్ ఎండుగడ్డిని కొద్దికొద్దిగా, నాలుగేసి గంటల కొకమాఱు, రాత్రియనక పగలనక పెట్టుదురు. పది దినములపాటు మెల్లగా హెచ్చింతురు. అది ఇంకను కావలెనని చూచుచుండును. పెట్టువాడు పెట్టక నిలువవలెను. మన జాలి తీరుటకా, దాని ఆకలి తీరుటకా మనము చేయి చాచుచున్నామను ప్రశ్న ఆ కొట్టములో తప్పించుకొనరానిది. నిష్కామకర్మను గూర్చి ఎన్ని ఉపన్యాసములు విన్నను ఇంత సూటియైన పరీక్ష లభింపదు.

తల్లి వెంట పిల్ల యున్నచో చిక్కు హెచ్చును. పాలిచ్చు గుఱ్ఱమునకు ఇంచుమించు రెట్టింపు పోషణము కావలెను. శుష్కించిన తల్లిని పిల్ల మఱింత పీల్చును. పాలు మాన్పింతమన్నచో, గర్భమున తల్లినుండి రాని రోగనిరోధకశక్తి పిల్లకు మొదటి దినపు ముఱ్ఱుపాలవలననే అబ్బవలెను. ఇక మనుష్యస్పర్శ నెఱుగక పెరిగిన పిల్ల మనుష్యుని చూచి గోడ నంటుకొనును. దానియొద్ద చేయదగినది ఏమియు చేయక కూర్చుండుటయే. అది తానై దగ్గఱకు వచ్చుటకు దినములు పట్టును, ఒక్కొక్కప్పుడు వారములు.

గుఱ్ఱము 25, 30 ఏండ్లు బ్రతుకును. పదేండ్ల ప్రాయమున చేరిన తల్లికి, అది స్వారికి పనికిరాకున్నను, ఇంకను 15 ఏండ్లు మేత వేయవలెను, ఆఱు లేక ఎనిమిది వారముల కొకమాఱు గిట్టలు చెక్కింపవలెను, పండ్లు అరగదీయింపవలెను. ఆ ఏండ్లలో అది ఏ పనియు చేయదు.