తోడు వచ్చినవారి ఋణము

దూరదేశమున నొకరికి ఉద్యోగము దొరకును, దంపతులిద్దఱును బయలుదేఱుదురు. తిరుపతిలోను చిత్తూరులోను నేడిది వింత గాదు. పాసుపోర్టునకు తిరుపతిలోను, వీసాకు చెన్నపట్టణములోను తిరిగి, ఊరగాయలు మూటగట్టుకొని విమానమెక్కిన పిదప, "ఇద్దఱును సుఖముగా స్థిరపడిరి" అని బంధువులు చెప్పుకొందురు. ఇద్దఱును స్థిరపడిరా? పనికి కుదిరినవారు స్థిరపడిరి. తోడు వచ్చినవారి సంగతి యేమి? దీనినే మేమిచట విచారింపదలచితిమి.

ఈ సీమవారికి సముద్రయానము క్రొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడుటకు పూర్వము చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములు ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. మద్రాసునుండి కూలీలతో బయలుదేఱిన 'ట్రూరో' యను నోడ 1860 నవంబరు 16వ తేదీని డర్బను రేవు చేరెను. తరువాత 1911 వఱకు నేటాలు చెఱకుతోటలకు పోయినవారిలో ఉత్తరార్కాటువారును గలరు. ఐదేండ్ల యొడంబడిక, క్రూరమైన చాకిరి. దానిని మేము పొగడబోము. అయినను, ఆలుమగలిద్దఱును ఆ యొడంబడికకు లోబడినచోట, ఒకరిచే నొకరు పోషింపబడుచున్నారను మాటకు తావు లేకుండెను.

నేటి బాధ వేఱు. అమెరికాకు హెచ్-1బి వీసాతో పోయినవారి భార్యకో భర్తకో హెచ్-4 వీసా యిత్తురు. అది యచట నుండుటకు అనుమతియే కాని, పని చేయుటకు అనుమతి గాదు. 2015లో కొందఱికి మాత్రము, అనగా స్థిరనివాసపు దారిలో కొంత దూరము నడచినవారి తోడివారికి, పనిచేయు వీలు కలిగెను. క్రొత్తగా వచ్చినవారికి సామాన్యముగా నది యందదు. పని యనుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ సంఖ్యయు నీయరు.

తిరుపతిలో గణితము బోధించి జీతము తెచ్చుకొనిన యొక యువతి అట్లు పోయినదనుకొందము. కాలిఫోర్నియాలో ఉదయమెనిమిదింటికి భర్త కార్యాలయమునకు పోవును. అచట నతనికి బల్లయు, పేరును, పలుకరించువారును సిద్ధముగా నుందురు. అప్పుడు తిరుపతిలో రాత్రి యెనిమిదిన్నరయో, చలికాలమైనచో తొమ్మిదిన్నరయో యగును. నాలుగు మాటలాడులోపల తల్లికి నిద్రవేళ వచ్చును. పిమ్మట సాయంకాలము వఱకు ఆమెకు గోడలే దిక్కు. ఇంటికి వచ్చిన భర్త "పగలంతయు ఏమి చేసితివి?" అని యడుగును. ఆ ప్రశ్నలో ద్వేషము లేదు. కాని యామె చెవికది లెక్క యడిగినట్లు వినబడును.

క్రొత్తకోడలిని ఆషాఢమున పుట్టింటికి పంపు ఆచారము మనకు గలదు. కోడలి నణచిన మన యాచారములను తిరిగి తెమ్మని మేమనుట లేదు. కాని చోటు మాఱిన మనిషికి మొదటి దినములలో ఆసరా కావలయునను తెలివి యా పద్ధతిలో గలదు. విమానమున పోయిన కోడలికి ఆషాఢము లేదు.

"ఒప్పుకొనియే వచ్చెను గదా! ధనమిద్దఱిదే గదా!" యందురు. ఆమె యొప్పుకొన్నది ప్రయాణమునకు. తన విద్య మూలబడుటకు గాదు. మఱియు, అప్పిచ్చువాడును ఇష్టపడియే యిచ్చును. ఇష్టముతో నిచ్చెను గావున తీర్పనక్కఱలేదని యెవరైన ననగలరా? సమ్మతి ఋణమును తుడిచివేయదు. సమ్మతియే ఋణమునకు మొదలు.

ఇంకొక పరీక్ష. వెల్లూరులో నర్సు విద్య నేర్చిన చిత్తూరు వనితకు విదేశమున పని కుదిరి, భర్త వెంట పోయెననుకొందము. అతనిని "పెండ్లాము సంపాదన తినువాడు" అని నవ్వుదురు. వెంట పోయినది భార్యయైనచో అదృష్టవంతురాలని దీవింతురు. స్థితి యొక్కటియే. ఆ నవ్వును ఈ దీవెనయు తోడు వచ్చినవారి త్యాగమును కానకుండుటలో సమానములే.

పరదేశపు చట్టమును దంపతులు మార్చలేరు; ఇంటి ధర్మమును మార్చుకొనగలరు. ఎన్నేండ్లుండవలెను, ఆపైన ఎవరి పని ననుసరించి ఎచటికి పోవలెనను మాట బయలుదేఱుటకు ముందే గడువుతో తేల్చుకొనవలెను. ధనము చేతిఖర్చుగా విదల్పబడక, ఇద్దఱి యధికారములో నుండవలెను. మొదటి సెలవుదినములను దారులు, బస్సులు, గ్రంథాలయము, తోడి తెలుగువారి యిండ్లు ఎఱిగించుటకు వెచ్చింపవలెను. ఇచటి తలిదండ్రులును "అల్లుని యుద్యోగమెట్లున్నది?" అనుటకు ముందు, "నీవేమి చదువుచున్నావమ్మా?" యని కూతు నడుగవలెను.

పని దొరికినవారు గొప్పవారే కావచ్చును. పని విడిచి తోడు వచ్చినవారు వారికి ఋణదాతలు. ఈ లెక్కను మొదటి వారముననే వ్రాసికొనిన యింటికి, తరువాత తగవు తీర్చు పెద్దలతో పని యుండదు.